దీవుల తేమలో బొచ్చుకుక్క సంరక్షణ

ఉద్యోగరీత్యా అండమాన్ దీవులకు తరలివచ్చే తెలుగు కుటుంబాలలో కొన్ని పెంపుడు కుక్కలను కూడా వెంట తెచ్చుకుంటాయి. క్వార్టర్లలో పెంచడానికి అనువని పలువురు పొమెరేనియన్, లాసా ఆప్సో వంటి చిన్న జాతులను ఎంచుకుంటారు. లాసా ఆప్సో టిబెట్‌కు చెందినది. పొమెరేనియన్ పూర్వులు ఐరోపా శీతల ప్రాంతాలవి. చలిని తట్టుకోవడానికి ప్రకృతి ప్రసాదించిన ఆ దట్టమైన బొచ్చే ఈ దీవులలో సమస్యగా మారుతుంది.

2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలువబడిన శ్రీ విజయపురంలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ వర్షిస్తాయి. ఆవిరి గొట్టానికి చుట్టిన ఉష్ణనిరోధక పొర తడిస్తే పైకి ఏమీ కనబడదు. లోపల గొట్టం తుప్పు పడుతుంది. బొచ్చుకుక్క చర్మం విషయమూ అంతే. కనుక ఇచ్చట సంరక్షణ అనగా ముఖ్యంగా రెండు పనులు: బొచ్చును మొదళ్ళ వరకు ఆరబెట్టడం, దాని అడుగున ఏమున్నదో చూడడం.

ప్రతిదినం పది నిమిషాలు దువ్వాలి. చెవుల వెనుక, చంకలలో, తొడల నడుమ చిక్కులు త్వరగా పడతాయి. స్నానానికి ముందే వాటిని విడదీయాలి. తడిస్తే మరింత బిగుసుకుంటాయి. రెండు మూడు వారాలకొక స్నానం చాలును. మన సబ్బు కుక్క చర్మానికి సరిపడదు. కుక్కలకై తయారైన షాంపూనే వాడాలి. సముద్రతీరానికి తీసుకువెళ్ళిన రోజున ఉప్పును మంచినీటితో కడిగివేయాలి. తువ్వాలుతో అద్ది, ఫ్యాను క్రింద పూర్తిగా ఆరబెట్టాలి. చెవులను వారానికొకసారి పరిశీలించాలి. దుర్వాసన వస్తే పశువైద్యుని సంప్రదించాలి.

దువ్వేటప్పుడు వ్రేళ్ళతో తడిమి పిడుదులను వెదకాలి. వాటి ద్వారా సంక్రమించే ఎర్లికియోసిస్ జ్వరం, ఆకలి మందగించడం, ముక్కు నుండి రక్తస్రావం వంటి లక్షణాలతో ప్రాణాంతకం కావచ్చును. జ్వరం వచ్చినదని మన ఇంటిలోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేయరాదు. అవి కుక్కకు విషతుల్యం కాగలవు.

ఈ దీవులలో టీకాల ప్రాధాన్యం మరింత అధికం. ఉత్తర అండమాన్‌లో 'అండమాన్ రక్తస్రావ జ్వరం'గా పిలువబడిన వ్యాధి లెప్టోస్పైరోసిస్ అని 1990లలో నిర్ధారణ అయినది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా అది కుక్కలకూ, మనుష్యులకూ సోకుతుంది. సోకిన కుక్క మూత్రం ఇంటివారికీ ప్రమాదకరమే. కనుక ఏటేటా టీకా వేయించాలి. నిలువ నీటిలో తిరగనీయరాదు. ఎలుకలు చేరకుండా ఆహారపు గిన్నెను రాత్రి ఆరుబయట విడువరాదు. ఇంటిలో ఎవరికైనా జ్వరం వస్తే కుక్క ఉన్నదని వైద్యునికి చెప్పాలి.

అండమాన్, లక్షద్వీప్ దీవులు రేబీస్ లేని ప్రాంతాలుగా పేరు పొందాయి. ఆ భాగ్యం నిలవాలంటే కుక్కను ఓడ గాని, విమానం గాని ఎక్కించక ముందే రేబీస్ టీకా వేయించి ధ్రువపత్రం తీసుకోవడం మన విధి.

ప్రతిదినం దువ్వే తీరిక లేనివారు లాసా ఆప్సో బొచ్చును పొట్టిగా కత్తిరించి ఉంచడం మేలు. పొమెరేనియన్‌కు మాత్రం గొరగరాదు. ఆ బొచ్చు మరల సరిగా పెరగకపోవచ్చును. దానికి పొట్ట, పాదాల వద్ద మాత్రమే కత్తిరిస్తే సరిపోతుంది.