బకాలాలో దొరికే బీరు, రూముల్లో దొరికే విషం

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ళ కోసం, అందులో మాట్లాడిన సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నా. రికార్డింగులో తొందరపడి వదిలేసిన రెండు మూడు ముక్కలు కూడా కలిపాను.

విషయం ఎట్లా మొదలైందంటే, మా దమ్మామ్ రూములో సిరిసిల్ల తమ్ముడు ఒకడున్నాడు. వాని చిన్ననాటి దోస్తు జర్మనీలో చదువుకుంటున్నాడు. ఎండాకాలంలో అక్కడ జరిగే బీరు పండగ వీడియో ఒకటి పంపాడు. చెట్ల కింద బల్లలు, వరసగా స్టాళ్ళు, జనం చేతుల్లో చిన్న చిన్న గ్లాసులు. ఒక స్టాలులో రెండు గుక్కలు పోయించుకొని, రుచి చూసి, పక్క స్టాలుకు పోతున్నారు. పెద్ద ఫ్యాక్టరీల్లో కాకుండా చిన్న చిన్న చోట్ల, కొద్ది కొద్దిగా, ఒక్కొక్కరు ఒక్కో రుచితో కాచే బీరు అది. క్రాఫ్ట్ బీర్ అంటారు.

తమ్ముడు ఆ వీడియో పదిసార్లు చూసుంటాడు. బయట 46 డిగ్రీలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని ఆపే రోజులు. "అన్నా, మనకు గిసుంటిది ఎప్పుడన్నా రాసిపెట్టి ఉంటదా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నా.

రెండు రోజులయ్యాక మెల్లగా పక్కకు పిలిచి, "అన్నా, పక్క బిల్డింగుల ఒకాయన దగ్గర బాటిల్ దొరుకుతదంట, నంబర్ కూడ ఇచ్చిండు" అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. "శుక్రవారం దాకా ఆగు తమ్మీ, మన పండగ మనమే చేసుకుందాం" అన్నా.

శుక్రవారం, ఆరుగురం, అయిదు సీసాలు

జుమ్మా నాడు పొద్దున బకాలాకు పోయి అయిదు రకాలు తెచ్చా. బార్బికన్ ప్లెయిన్, మౌసీ ప్లెయిన్, హోల్‌స్టెన్ ప్లెయిన్, బవేరియా ఆపిల్, బార్బికన్ దానిమ్మ. ఒక్కోటి నాలుగైదు రియాళ్ళు. 2019 డిసెంబర్‌లో తీపి కలిపిన డ్రింకుల మీద 50 శాతం పన్ను వేశారు, అప్పటినుంచి ఇవి చవకేం కాదు. ఆరుగురం పంచుకుంటే పెద్ద భారం అనిపించలేదు.

కొత్తగా వచ్చినవాళ్ళు సీసా మీద "షరాబ్ షయీర్" అని చదివి భయపడతారు. అరబ్బీలో షరాబ్ అంటే తాగేది అని మాత్రమే అర్థం. మన శరబత్తు కూడా ఆ మాటకు చుట్టమే. షయీర్ అంటే బార్లీ. మత్తు పానీయాన్ని వీళ్ళు ఖమర్ అంటారు. అంటే సీసా మీద ఉన్నది "బార్లీ పానీయం" అని, అంతే.

రుచి చూడటానికి కూడా ఒక పద్ధతుంది. ఆ పండగల్లో చేసేదీ ఇదే. తేలికైనది ముందు, బాగా తియ్యగా ఉన్నది చివర. దానిమ్మతో మొదలుపెడితే తర్వాత ఏది తాగినా చేదే అనిపిస్తుంది. మరీ గడ్డకట్టే చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, అందుకే ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగాలి. గ్లాసులో రెండు గుక్కలే పోసుకొని ముందు వాసన చూడాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మంచినీళ్ళు, ఒక ముక్క ఖుబ్జ్.

ప్లెయిన్ వాసన చూడగానే రాజంపేట బావ, "ఒరేయ్, ఇది మా అమ్మ హార్లిక్స్ డబ్బా వాసన గదరా" అన్నాడు. బావ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆ వాసన ఎక్కడిది?

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి వేయిస్తే మాల్ట్ అవుతుంది. మనింట్లో రాగులు మొలకెత్తించి రాగి మాల్ట్ చేస్తాం కదా, అదే పద్ధతి. హార్లిక్స్‌లోనూ మాల్ట్ చేసిన బార్లీ ఉంటుంది, బీరుకూ అదే పునాది. మొలక వచ్చేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు, వేడినీళ్ళలో వేసినప్పుడు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి రసంలో హాప్స్ అనే తీగకు కాసే పువ్వులు వేసి మరిగిస్తారు. చివర్లో గొంతులో తగిలే చేదు ఆ పువ్వుదే. కాకరకాయ వేపుడు నచ్చేవాళ్ళకు అది నచ్చుతుంది.

1516లో జర్మనీలోని బవేరియాలో, బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేదీ కలపొద్దని చట్టం చేశారు. నాలుగోదైన యీస్ట్ పేరు అందులో లేదు, అది చేసే పని ఏమిటో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. చక్కెరను తిని ఆల్కహాల్ చేసేది ఆ యీస్టే. మన తాటికల్లు పొద్దున తియ్యగా ఉండి, ఎండెక్కేకొద్దీ పులిసి ఎక్కేది కూడా దానివల్లే.

మత్తు లేని బీరు చేయడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, యీస్ట్‌ను పని చేయనీయకపోవడం, అంటే రసాన్ని పులియబెట్టకుండానే గ్యాస్ పట్టించి సీసాలో నింపడం. ఇట్లా చేసినవి తియ్యగా ఉంటాయి, తినేవాళ్ళు లేక చక్కెర అంతా మిగిలిపోతుంది కాబట్టి. రెండోది, మామూలు బీరు కాచి తర్వాత ఆల్కహాల్ తీసేయడం. గాలి ఒత్తిడి తగ్గిస్తే ఆల్కహాల్ తక్కువ వేడికే ఆవిరైపోతుంది. లేకపోతే మన ఆర్ఓ ఫిల్టర్ లాంటి సన్నటి పొరల్లోంచి వడపోస్తారు. ఇవి కొంచెం చేదుగా, అసలు బీరుకు దగ్గరగా ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సీసా మీద 0.0 ఉన్నదానికీ, "ఆల్కహాల్ ఫ్రీ" అని మాత్రమే రాసినదానికీ తేడా ఉంది. జర్మనీలో 0.5 శాతం దాకా ఉన్నా ఆల్కహాల్ లేనిదనే రాస్తారు. బయటి దేశం నుంచి వస్తూ దోస్తుల కోసం అట్లాంటిది బ్యాగులో పెట్టుకోకండి. ఇక్కడి బకాలాలో 0.0 చూసి కొనుక్కోవడమే మంచిది.

ఇంకో మాట. షుగర్ ఉన్న అన్నలు సీసా వెనక లేబుల్ చూడండి. ఎండలో పని చేసి వచ్చాక దాహానికి ఇది మందు కాదు. ముందు నీళ్ళు, మజ్జిగ, తర్వాతే ఇది.

మా రూములో మార్కులు వేస్తే దానిమ్మకు నాలుగు ఓట్లు పడ్డాయి. సిరిసిల్ల తమ్ముడు మాత్రం చేదుగా ఉన్న ప్లెయిన్‌కే వేశాడు. "ఇది జర బీరు లెక్కనే ఉన్నదన్నా. గని కిక్కు లేదు" అన్నాడు.

ఎపిసోడ్‌లో ఇంకోటి కూడా చెప్పా. సౌదీకి తన సొంత బార్లీ పానీయం ఉంది, పేరు సోబియా. నేను జెద్దాలో పనిచేసిన రెండేళ్ళూ రంజాన్‌లో తాగాను. బార్లీ లేదా ఎండిన రొట్టె నానబెట్టి, వడగట్టి, చక్కెర, యాలకులు, దాల్చినచెక్క వేసి చేస్తారు. తెల్లది, ఎర్రది ఉంటాయి, కవర్లలో కట్టి అమ్ముతారు. ఒక్కో ఇంటి రుచి ఒక్కో తీరు. చల్లగా పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయాలి, లేకపోతే పులుస్తుంది. మన జొన్న అంబలి తాగినవాళ్ళకు కొత్తగా అనిపించదు. జెద్దా, మక్కా వైపు ఉన్నవాళ్ళు తప్పకుండా రుచి చూడండి.

చట్టం ఎక్కడుంది?

సౌదీలో మద్యం మీద నిషేధం 1952 నుంచి ఉంది. అంతకు ముందు ఏడాది జెద్దాలో ఒక విందులో తాగిన మత్తులో ఒక రాకుమారుడు బ్రిటిష్ వైస్ కాన్సుల్‌ను కాల్చి చంపాడు. ఆ తర్వాత వచ్చిందే ఈ నిషేధం. చేయడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం, తాగడం, అన్నీ నేరాలే. జైలు, జరిమానా, ఆ తర్వాత డిపోర్టేషన్.

"ఇప్పుడు ఓపెన్ చేశారంట కదా" అని చాలామంది అడుగుతున్నారు. 2024 జనవరిలో రియాద్‌లోని డిప్లొమాటిక్ క్వార్టర్‌లో ముస్లిమేతర దౌత్య అధికారుల కోసం ఒక దుకాణం గురించి వార్త వచ్చింది నిజమే. అది మన ఇకామాలకు కాదు. 2025 మేలో "2026 నుంచి హోటళ్ళలో అమ్ముతారు" అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. సౌదీ అధికారులు అది నిజం కాదన్నారు. ఫార్వర్డ్ చూసి ధైర్యం చేయొద్దు. బ్రిడ్జి దాటితే బహ్రెయిన్‌లో దొరుకుతుంది కదా అని, వచ్చేటప్పుడు ఒక్క సీసా కార్లో పెట్టుకుంటే అది స్మగ్లింగ్ కేసు.

దోస్తు పేరు పెట్టుకున్న శత్రువు

రూముల్లో దొంగతనంగా అమ్మేదాన్ని సదీకి అంటారు. అరబ్బీలో "నా దోస్తు" అని అర్థం. మా పండగలో చివరి గ్లాసు అయ్యాక, అప్పటిదాకా మాట్లాడని మెట్‌పల్లి మామ నోరు తెరిచాడు. ఆయన గల్ఫ్‌కు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది.

"2009ల నేను వేరే క్యాంపుల ఉన్న. అప్పుడు సెలవు గురువారం, శుక్రవారం. నా పక్క మంచమాయన గురువారం రాత్రి తాగిండు. శుక్రవారమంత తలకాయ నొస్తున్నదన్నడు, కక్కిండు. ఎక్కువైందేమో అని మజ్జిగ తాపి పండబెట్టినం. శనివారం పొద్దుగాల డ్యూటీకి లేపితే 'లైటెయ్యిరా' అన్నడు. లైటు ఎలుగుతనే ఉన్నది."

పోలీసుల భయంతో ఆ రోజు కూడా సగం పూట ఆగారట. ప్రాణం దక్కింది, చూపు రాలేదు. మామ ఇంకేమీ చెప్పలేదు, గ్లాసులు కడగడానికి లేచాడు.

ఆ సీసాలో ఉన్నది మిథనాల్. మత్తునిచ్చే ఆల్కహాల్ ఇథనాల్. మిథనాల్ పెయింట్లలో, కెమికల్ ఫ్యాక్టరీల్లో వాడే ఇండస్ట్రీ సరుకు. రెండూ చూడటానికి నీళ్ళలాగే ఉంటాయి, వాసన కూడా దాదాపు ఒకటే. కల్తీ చేసేవాడికి చవకగా దొరికింది కలిపేస్తాడు. రుచి చూసి కనిపెట్టే దారి లేదు. అంటించి మంట రంగు చూస్తే తెలుస్తుందనేది నమ్మదగిన మాట కాదు.

ఒంట్లోకి పోయాక లివర్ దాన్ని మెల్లగా ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. కంటి నరాన్ని చంపేది ఆ యాసిడ్. ఈ పనికి టైమ్ పడుతుంది కాబట్టే మొదట ఏమీ తెలియదు. చాలాసార్లు 12 నుంచి 24 గంటల తర్వాత తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, చూపు మసకబారడం, ఆయాసం మొదలవుతాయి. అందుకే హ్యాంగోవర్ అనుకొని పడుకోబెడతారు. స్వచ్ఛమైన మిథనాల్ 10 మిల్లీలీటర్లు కూడా చూపు తీయగలదు, 30 మిల్లీలీటర్లు ప్రాణమే తీయగలదు.

పాత కాలం కథ అనుకోకండి. 2025 ఆగస్టులో పక్కనే ఉన్న కువైట్‌లో కల్తీ మద్యం తాగి 160 మంది ఆసుపత్రి పాలయ్యారు, 23 మంది చనిపోయారు. అందరూ ఆసియా దేశాలవాళ్ళే అని ఆ దేశ ఆరోగ్య శాఖ చెప్పింది. 21 మందికి చూపు పూర్తిగా పోవడమో దెబ్బతినడమో జరిగింది.

ఎవరన్నా తాగితే?

పొద్దున దాకా ఆగకండి. 997కు కాల్ చేస్తే రెడ్ క్రెసెంట్ అంబులెన్స్ వస్తుంది. ఆసుపత్రిలో ఏం తాగాడు, ఎప్పుడు తాగాడు అన్నది దాచకుండా చెప్పండి. సీసాలో కొంచెం మిగిలి ఉంటే డాక్టరుకు చూపించండి. అదే సీసా తాగిన మిగతావాళ్ళు బాగానే ఉన్నా వాళ్ళనూ తీసుకెళ్ళండి. లివర్ చేసే ఆ మార్పును ఆపే మందు ఉంది, డయాలసిస్‌తో విషాన్ని రక్తంలోంచి తీయొచ్చు. కానీ యాసిడ్ నరాన్ని తినకముందే అది జరగాలి. రూములో మీరే ఏదో ఒకటి తాగించి వైద్యం చేయకండి.

కేసు అవుతుందేమో అన్న భయం ఉంటుంది. అబద్ధం చెప్పను, కావచ్చు. డిపోర్ట్ కూడా చేయొచ్చు. అప్పుడు రియాద్ ఎంబసీకో జెద్దా కాన్సులేట్‌కో ఫోన్ చేయండి. కానీ డిపోర్ట్ అయినవాడు శంషాబాద్‌లో దిగి తన పిల్లల మొహం చూస్తాడు. ఆలస్యమైనవాడు చూడలేడు.

ఆ రాత్రి తమ్ముడు నా పక్కన కూర్చొని ఫోన్ తీశాడు. ఆ నంబర్ నా ముందే డిలీట్ చేశాడు. తర్వాత జర్మనీ దోస్తుకు మా అయిదు సీసాల ఫోటో పంపి, కింద "మా పండగ" అని రాశాడు.

వచ్చే శుక్రవారం రెండో రౌండు పెట్టుకున్నాం. ఈసారి మామ కూడా మార్కులు వేస్తానన్నాడు. మీ రూములో ఏ రుచికి ఎక్కువ ఓట్లు పడ్డాయో వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తా. అందాక పైలం.