సంక్షేమం ఎవరి చేతుల మీదుగా?

ఐరోపా దేశాలు సంక్షేమానికి ధారాళంగా ఖర్చు చేస్తాయనీ, అమెరికా మాత్రం ఎవరి పాట్లు వారిని పడమని వదిలేస్తుందనీ తరచు వినిపించే మాటలో సగమే నిజం. ప్రభుత్వ ఖజానా నుంచి నేరుగా జరిగే సామాజిక వ్యయాన్ని, అంటే పింఛన్లు, వైద్యం, నిరుద్యోగ భృతి, కుటుంబ సహాయం వంటి వాటిపై పెట్టే ఖర్చును మాత్రమే లెక్కిస్తే, ఫ్రాన్స్ తన స్థూల దేశీయోత్పత్తిలో 30 శాతానికి అటూ ఇటూగా వెచ్చిస్తుండగా అమెరికా చాలా వెనుకబడి కనిపిస్తుంది. అయితే కంపెనీలు తమ ఉద్యోగుల కోసం కట్టే ఆరోగ్య బీమాను, పన్ను రాయితీల రూపంలో ప్రభుత్వం వదులుకునే రాబడిని కలిపి, లబ్ధిదారులు ఆ సొమ్ముపై తిరిగి చెల్లించే పన్నులను తీసివేసి, సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ వేసే నికర లెక్కలో అమెరికా ఇంచుమించు ఫ్రాన్స్ సరసకు చేరుతుంది. కనుక రెండు ఖండాల మధ్య తేడాను తేల్చేది ఖర్చు పరిమాణం కన్నా, ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా, ఏ పేరుతో, ఎవరికి అందుతున్నదన్న విషయమే.

ఐరోపాలో సంక్షేమ వ్యవస్థకు పునాది వేసినవాడు సోషలిస్టులకు బద్ధవిరోధి కావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ 1878లో సోషలిస్టు సంఘాలను నిషేధించి, ఆ తరువాత కార్మికులను ప్రభుత్వం వైపు తిప్పుకొనే ఉద్దేశంతో 1883లో అనారోగ్య బీమాను, 1884లో ప్రమాద బీమాను, 1889లో వృద్ధాప్య పింఛనును ప్రవేశపెట్టాడు. కార్మికుల నుంచి, యజమానుల నుంచి చందాలు వసూలు చేసి, చందా కట్టినవారికి ఆపదలో ఆదరువు కల్పించే ఈ పద్ధతే సామాజిక బీమా. అప్పట్లో పింఛను వయసు 70 ఏళ్లు కాబట్టి దాన్ని అందుకునేదాకా బతికినవారు కొద్దిమందే అయినా, సహాయం దయాధర్మం కాదు, కట్టిన చందాకు ప్రతిఫలం అన్న భావన మాత్రం స్థిరపడింది.

బ్రిటన్ వేరే దారిలో నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం నడుమ 1942లో విలియం బెవరిడ్జ్ సమర్పించిన నివేదిక లేమి, రోగం, అజ్ఞానం, మురికి, నిరుద్యోగం అనే అయిదింటిని సమాజం జయించవలసిన మహాభూతాలుగా వర్ణించింది. దాని ప్రేరణతో 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవ, చందా కట్టారా లేదా అని అడగకుండా దేశంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉచితంగా వైద్యం అందించి, ఖర్చును ప్రధానంగా సాధారణ పన్నుల నుంచి భరించింది. దాన్ని నడిపించిన మంత్రి అన్యూరిన్ బెవన్, కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రుసుము పెట్టాలన్న నిర్ణయానికి నిరసనగా 1951లో రాజీనామా చేశాడంటే ఆ సూత్రానికి ఎంత విలువ ఇచ్చాడో తెలుస్తుంది. పౌరహక్కులు, ఓటుహక్కు తర్వాత జీవనభద్రత కూడా పౌరసత్వంలో భాగమేనని సామాజికశాస్త్రవేత్త టి.హెచ్. మార్షల్ 1949లో చేసిన వాదనకు ఈ వాతావరణమే నేపథ్యం.

అందువల్ల ఐరోపా అంతటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. డెన్మార్క్‌లో పుట్టిన పండితుడు యోస్టా ఎస్పింగ్-ఆండర్సన్ 1990లో సంక్షేమ రాజ్యాలను మూడు రకాలుగా విడదీసి, అందరికీ సమాన సేవలందించే స్వీడన్ వంటి నార్డిక్ దేశాలను ఒకవైపు, ఉద్యోగ హోదాను బట్టి బీమా నడిచే జర్మనీ వంటి దేశాలను మరోవైపు ఉంచి, మార్కెట్‌కే పెద్దపీట వేసే మూడో వర్గంలో అమెరికాను చేర్చాడు. అందరూ ఆదర్శంగా చెప్పే స్వీడన్‌లో, డెన్మార్క్‌లో చట్టబద్ధమైన కనీస వేతనమే లేదని, అక్కడ జీతాలను కార్మిక సంఘాలూ యాజమాన్యాలూ బేరమాడి ఖరారు చేసుకుంటాయని చాలామందికి తెలియదు.

అమెరికా ఈ రంగంలో మొదటినుంచీ వెనుకబడి లేదు. అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడిన సైనికులకు, వారి వితంతువులకు ఇచ్చిన పింఛన్లు 1890ల తొలినాళ్లలో ఫెడరల్ ప్రభుత్వ రాబడిలో మూడో వంతుకు మించి మింగేశాయి. ఆ పింఛన్లు పార్టీలు ఓట్ల కోసం చేసే పంపకంగా మారి అపఖ్యాతి పాలైనందువల్లనే తరువాతి తరం సంస్కర్తలు ప్రభుత్వ పింఛను అనగానే వెనుకాడారని సామాజికశాస్త్రవేత్త తేడా స్కోచ్‌పోల్ వివరించారు. మహామాంద్యం దెబ్బకు దేశం కుదేలైన తరువాత గానీ, 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ హయాంలో, కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ పర్యవేక్షణలో సామాజిక భద్రతా చట్టం రాలేదు. ఆ చట్టం వృద్ధాప్య పింఛనును తెచ్చింది కానీ, వైద్యుల సంఘం వ్యతిరేకతకు జంకి ఆరోగ్య బీమాను పక్కన పెట్టింది. వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవారిని పింఛను నుంచి మినహాయించడంతో, ఆ పనులే ఆధారమైన నల్లజాతి శ్రామికుల్లో అత్యధికులు బయటే మిగిలిపోయారు. వసూళ్లలో ఇబ్బందులే కారణమని కొందరు పండితులు, దక్షిణాది శ్వేతజాతి నేతల ఒత్తిడే కారణమని మరికొందరు అంటారు. కారణం ఏదైనా 1950లలో చట్టాన్ని సవరించేదాకా ఆ అన్యాయం కొనసాగింది.

ఆరోగ్య బీమా యాజమాన్యాల చేతికి పోవడం మాత్రం ఎవరూ ప్రణాళిక వేసి చేసిన పని కాదు. యుద్ధకాలంలో, 1942లో, జీతాల పెంపుపై ప్రభుత్వం ఆంక్షలు విధించగా, పనివాళ్లను ఆకర్షించడానికి కంపెనీలు జీతానికి బదులు బీమా ఇవ్వసాగాయి. ఆ బీమా సొమ్ముపై ఉద్యోగి పన్ను కట్టనక్కర్లేదని 1954 నాటి పన్ను చట్టం ఖాయం చేయడంతో తాత్కాలిక ఏర్పాటు కాస్తా శాశ్వత వ్యవస్థ అయింది. జీతం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ పన్ను ఆదా అయ్యే ఈ రాయితీ నిజానికి ప్రభుత్వ సహాయమే అయినా, పొందేవారెవరూ దాన్ని సంక్షేమంగా గుర్తించరు. రాజనీతిశాస్త్రవేత్త క్రిస్టఫర్ హోవర్డ్ దీన్నే దాగి ఉన్న సంక్షేమ రాజ్యం అన్నాడు. ఉద్యోగం పోతే బీమా కూడా పోవడం దీని వెనుకనున్న అసలు ప్రమాదం. ఈ బీమా పరిధికి బయట ఉన్నవారి కోసం 1965లో అధ్యక్షుడు జాన్సన్ తెచ్చిన రెండు పథకాల్లో 65 ఏళ్లు దాటినవారి వైద్యానికి ఉద్దేశించిన మెడికేర్‌ను ముట్టుకోవడానికి నేటికీ రాజకీయ నాయకులు భయపడతారు, పేదలకు ఉద్దేశించిన మెడికెయిడ్ మాత్రం ప్రతి బడ్జెట్‌లోనూ కత్తెర అంచున ఉంటుంది.

ఈ తేడాకు కారణం పథకాల నిర్మాణంలోనే ఉంది. ఆదాయాన్ని పరిశీలించి పేదలకు మాత్రమే ఇచ్చే పద్ధతి ఎలా ఉంటుందో తెల్ల రేషన్ కార్డు చుట్టూ తిరిగిన తెలుగు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కర్లేదు. తక్కువ డబ్బుతో అసలైన పేదవాడికి చేరుతుందన్న తర్కం సమంజసంగానే తోస్తుంది గానీ, స్వీడన్ పరిశోధకులు వాల్టర్ కోర్పి, యోవాకిమ్ పాల్మె 1998లో పలు దేశాలను పోల్చి, పేదలకే పరిమితం చేసిన చోట కంటే అందరికీ వర్తింపజేసిన చోటనే అసమానత ఎక్కువగా తగ్గుతున్నదని చూపించారు. మధ్యతరగతికి వాటా లేని పథకానికి మధ్యతరగతి అండ కూడా ఉండదు. అమెరికాలో దీనికి జాతి వివక్ష తోడైంది. ఒంటరి తల్లులకు ఇచ్చే నగదు సహాయాన్ని నల్లజాతి సోమరితనానికి ప్రతీకగా చిత్రించిన ప్రచారం ఏళ్ల తరబడి సాగి, చివరికి 1996లో అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో ఆ సహాయంపై హక్కు రద్దయి, జీవితకాలంలో అయిదేళ్ల గడువు, పనిచేయాలన్న షరతు వచ్చాయి. ఇరు ఖండాల మధ్య తేడాలో దాదాపు సగానికి ఈ జాతి విభజనే మూలమని ఆర్థికవేత్తలు అల్బెర్తో అలెసినా, ఎడ్వర్డ్ గ్లేసర్ 2004లో అంచనా వేశారు.

అలాగని న్యాయం గురించిన ఆలోచనలో అమెరికా పేద దేశమేమీ కాదు. అత్యంత దీనస్థితిలో ఉన్నవారికి మేలు చేసినప్పుడే అసమానత సమర్థనీయమన్న తత్వవేత్త జాన్ రాల్స్, ఒకరి సంపాదనను పన్నుగా తీసి మరొకరికి ఇవ్వడం వారితో వెట్టిచాకిరీ చేయించడం వంటిదేనన్న తత్వవేత్త రాబర్ట్ నోజిక్ ఇద్దరూ 1970లలో హార్వర్డ్‌లో ఒకే విభాగంలో పనిచేసినవారే. రాల్స్ వాదానికి దగ్గరి ఆచరణ ఆయన స్వదేశంలో కంటే స్టాక్‌హోంలో ఎక్కువగా కనిపించడం గమనార్హం.

ఐరోపాలో ధనికుల ముక్కు పిండి పేదలకు పంచుతారన్న అభిప్రాయమూ సరికాదు. డెన్మార్క్, స్వీడన్‌లలో కొనుగోళ్లపై విలువ ఆధారిత పన్ను 25 శాతం, జర్మనీలో 19 శాతం కాగా, అమెరికాలో దేశవ్యాప్తంగా అటువంటి పన్నే లేదు. అంటే ఐరోపాలో బస్సు డ్రైవరు, దుకాణంలో గుమాస్తా కూడా గణనీయంగా పన్ను కడతారు. తాము కట్టినది బిడ్డ పుట్టినప్పుడు, జబ్బు చేసినప్పుడు తిరిగి వస్తుండటం కళ్లారా చూస్తారు గనుకనే సహిస్తారు. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజులు భృతితో కూడిన సెలవు ఉంటే, 1993 నాటి అమెరికా ఫెడరల్ చట్టం పెద్ద సంస్థల్లో పనిచేసేవారికి హామీ ఇచ్చేది జీతం లేని 12 వారాలే.

చందా ఆధారిత వ్యవస్థలోని లొసుగు అమెరికాలోని తెలుగు ఉద్యోగులకు స్వయంగా అనుభవమే. హెచ్-1బి వీసాపై అక్కడ జీతం తీసుకునేవారి నుంచి సాధారణంగా సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం కోత పడుతుంది కానీ, పింఛనుకు అర్హత రావాలంటే మొత్తం పదేళ్ల చందా ఉండాలి. జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం, స్వీడన్ వంటి దేశాలతో భారత్‌కు సామాజిక భద్రతా ఒప్పందాలు ఉన్నందున ఇరుదేశాల సేవాకాలాన్ని కలిపి లెక్కించే వీలుంది. అమెరికాతో అలాంటి ఒప్పందం కుదరనందువల్ల గడువు నిండకుండా తిరిగివచ్చినవారి చందా అక్కడే ఉండిపోతుంది.

అమెరికా ఒకసారి ఐరోపా బాట పట్టి చూసింది. 2021లో పిల్లల పన్ను రాయితీని, ఆదాయం బొత్తిగా లేని కుటుంబాలకు కూడా పూర్తిగా వర్తించేలా మార్చి, ఆరేళ్లలోపు బిడ్డకు ఏటా 3,600 డాలర్ల దాకా పెంచి, అందులో సగాన్ని ఆ ఏడాది జులై నుంచి డిసెంబరు వరకు నెలనెలా ఖాతాల్లో వేసింది. ప్రభుత్వ సహాయాలను కూడా లెక్కలోకి తీసుకునే కొలమానం ప్రకారం బాలల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి పడిపోయింది. సెనేట్‌లో ఇరుపక్షాలూ సమానంగా ఉన్న స్థితిలో పొడిగింపుకు మద్దతు చాలకపోగా, తల్లిదండ్రులు పనిచేయాలన్న షరతు లేకుండా డబ్బు ఇవ్వడమేమిటన్న పాత అభ్యంతరమే మళ్లీ ముందుకు వచ్చింది. పథకం ముగిసింది, 2022లో బాలల పేదరికం 12.4 శాతానికి చేరింది.