కంచరగాడిద తన్నులో వోడ్కా వాటా ఎంత?

వోడ్కా 45 మిల్లీలీటర్లు, జింజర్ బీర్ 120, నిమ్మరసం 10. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్కలో మాస్కో మ్యూల్ అంటే ఇంతే. మొత్తం 175 మి.లీ.లో 69 శాతం జింజర్ బీరే. పేరుకే బీరు, ఇప్పుడు అంగళ్లలో దొరికేవాటిలో చాలావరకు మద్యం ఉండదు. ఘాటైన అల్లం సోడా అనుకోండి. వోడ్కా వాటా నాలుగో వంతుకు కాస్త పైన.

మ్యూల్ అంటే కంచరగాడిద. వెనక కాళ్లతో తన్నడంలో దానికి పెట్టింది పేరు. గుక్క దిగేటప్పుడు గొంతులో చురుక్కుమనేదే ఆ తన్ను. అది వోడ్కాది కాదు, అల్లానిది. వోడ్కా తీసేసి జిన్ పోస్తే లండన్ మ్యూల్, బోర్బన్ విస్కీ పోస్తే కెంటకీ మ్యూల్, టెకీలా పోస్తే మెక్సికన్ మ్యూల్ అంటారు. ఊరు మారుతుంది, గాడిద మారదు. ఏదో ఒక మద్యంలో అల్లం సోడా, నిమ్మరసం కలిపి తాగడం అమెరికాలో మాస్కో మ్యూల్‌కు ముందే ఉంది. అలాంటివాటిని ‘బక్’ అనేవారు. కాబట్టి 1941లో కొత్తగా పుట్టింది పానీయం కన్నా పేరే అనాలి.

ఇక మాస్కో. ఇందులో మొదట పోసిన స్మిర్నాఫ్ వోడ్కా మూలాలు నిజంగా అక్కడివే. ప్యోటర్ స్మిర్నోవ్ 1860ల్లో మాస్కోలో వోడ్కా వ్యాపారం పెట్టాడు. 1917 విప్లవం తర్వాత కొడుకు వ్లాదిమిర్ దేశం వదిలిపోయాడు. అమెరికా హక్కులు అతని నుంచి రుడాల్ఫ్ కునెట్ అనే ఆయనకు, 1939లో కునెట్ నుంచి హ్యూబ్లైన్ కంపెనీకి చేరాయి. ధర 14,000 డాలర్లు, ఆపైన కొంత రాయల్టీ. మాంసంలో నంజుకునే ఏ-వన్ సాస్ అమ్ముకుంటున్న కంపెనీ అది. వోడ్కా కాచింది కనెటికట్ రాష్ట్రంలో. పేరులో మాస్కో ఉన్నా గ్లాసులోకి మాస్కో నుంచి వచ్చింది సున్నా మి.లీ.

విస్కీకి అలవాటుపడ్డ అమెరికావాళ్లకు రంగూ వాసనా లేని ఈ సరుకు అంటగట్టడం హ్యూబ్లైన్ పెద్ద జాన్ మార్టిన్‌కు కష్టమైంది. లాస్ ఏంజెలిస్ సన్‌సెట్ బులవార్డ్‌లో కాక్ అండ్ బుల్ బారు నడిపే జాక్ మోర్గాన్ దగ్గరేమో జింజర్ బీర్ అమ్ముడుపోవడం లేదు. ఇద్దరూ కలిసి ఈ కాక్‌టెయిల్ పుట్టించారన్నది అందరూ చెప్పే కథ. కాదు, గోదాములో పేరుకుపోయిన సరుకు వదిలించుకోవడానికి నేనే కలిపానని అదే బారులో పనిచేసిన వెస్ ప్రైస్ చెప్పుకొన్నాడు. నాకైతే ప్రైస్ మాటే నమ్మబుద్ధేస్తుంది. ఎవరిది నిజమైనా, దీన్ని ఊరూరా తిప్పింది మాత్రం మార్టినే. కొత్తగా వచ్చిన పొలరాయిడ్ కెమెరాతో, ఈ కాక్‌టెయిల్ పోసిచ్చే రాగి మగ్గు పట్టుకున్న బార్‌టెండర్‌ను రెండు ఫొటోలు తీసేవాడట. ఒకటి అక్కడే వదిలి, రెండోది తర్వాతి బారులో చూపించి, పక్కవాళ్లు అమ్ముతున్నారు చూడండి అనేవాడట. 1970ల్లో అమెరికా అమ్మకాల్లో వోడ్కా బోర్బన్ విస్కీని దాటేసింది.

ఆ రాగి మగ్గుల్లో చాలావాటిని ఇప్పుడు మన మొరాదాబాద్ నుంచే ఎగుమతి చేస్తున్నారు. కొనేవాళ్లు లోపల పూత ఉందో లేదో చూసుకోవాలి. పీహెచ్ 6 కన్నా తక్కువున్న పదార్థాలకు రాగి నేరుగా తగలకూడదని అమెరికా ఆహార నియమావళి చెబుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కు అటూఇటూ. అయోవా రాష్ట్ర అధికారులు 2017లో ఈ కాక్‌టెయిల్ పేరెత్తి మరీ హెచ్చరించారు. మన ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. రాగి బిందెలో నీళ్లు పోసుకుంటాం గానీ పులుసు పోయం. చింతపండుతో రుద్దితే చెంబు తళతళలాడేది పైనున్న మకిలిని పులుపు కరిగిస్తుంది కాబట్టే. అదే పులుపు మగ్గులో నిలవుంటే రాగి కొద్దికొద్దిగా అందులోకి దిగుతుంది.

కొలత దగ్గర ఇంకో తిరకాసుంది. వోడ్కా 40 శాతం అయితే 45 మి.లీ.లో అసలు ఆల్కహాల్ 18 మి.లీ., బరువులో 14 గ్రాములు. గ్లాసు మొత్తానికి 10 శాతం పైచిలుకు, అంటే దాదాపు వైను ఘాటు. మన దగ్గర అమ్మే వోడ్కా మామూలుగా 42.8 శాతం, పెద్ద పెగ్గు 60 మి.లీ. అందులో ఆల్కహాల్ 20 గ్రాములు దాటుతుంది. ఒక్క గ్లాసే కదా అనుకున్నవాడు ఒకటిన్నరకు దగ్గరగా తాగినట్టు. ఆ పెగ్గుతో అసలు పాళ్ల ఘాటే రావాలంటే జింజర్ బీర్ 120 చాలదు, 180 మి.లీ. పోయాలి.