టెస్టరు ఎవరి చేతిలో ఉంది?

టెన్త్ ఫలితాలు వచ్చాయంటే చాలు, పది రోజులపాటు ఏ ఇంట్లో విన్నా ఒకటే ప్రశ్న. "ఇంటర్లో ఏ గ్రూపు?" అని అడిగేవాళ్లే గానీ, "ఏ పని నేర్చుకుందామనుకుంటున్నావమ్మా?" అని అడిగేవాళ్లు కనిపించరు. మార్కులు మరీ ఎక్కువ కాకుండా, మరీ తక్కువ కాకుండా వచ్చి, ఇంట్లో డబ్బు కూడా అంతంతమాత్రంగానే ఉన్న పిల్ల సంగతి ఈ వారం మాట్లాడుకుందాం. అలాంటి పిల్లకి ఐటీఐ, పాలిటెక్నిక్ అని రెండు తలుపులు తెరిచే ఉన్నాయి. వాటిలో కరెంటు పని నేర్పే గది దగ్గరకొచ్చేసరికి మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడేది చాలాసార్లు మనమే.

ఎలాగంటారా? "ఎలక్ట్రానిక్స్ అయితే ఫరవాలేదు, బల్ల ముందు కూర్చుని చేసుకునే పని. ఎలక్ట్రికల్ ఎందుకే నీకు, స్తంభాలెక్కుతావా?" ఈ మాట తండ్రులకన్నా తల్లులమే ఎక్కువ అంటాం. కూర్చునే పని ఆడపిల్లకీ, ఎక్కే పని మగపిల్లాడికీ అని ఎవరు పంచారో గానీ, ఆ పంపకంలో ఆడపిల్ల వాటాకి తక్కువే వచ్చిందని నా అభిప్రాయం.

ముందు చదువు సంగతి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ రెండూ రెండేళ్ల ట్రేడులే. సైన్సు, లెక్కలతో టెన్త్ పాసైతే చాలు. దేశంలో ఈ శిక్షణ పథకం 1950లో మొదలైంది. ఐటీఐ సీట్లలో 30 శాతం ఆడపిల్లలకి ఉంచాలని కేంద్రం చెబుతూనే ఉంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా మూడేళ్లు. దానికి పాలిసెట్ రాయాలి. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఈ సంగతి తెలియక, "డిప్లొమాతో చదువు ఆగిపోతుందేమో" అని వెనక్కి తగ్గేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంటర్లోనే చదివించాలనుకుంటే వొకేషనల్‌లో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సు ఉంది.

ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఏం నేర్పుతారో తెలిస్తే మనలో చాలామందికి భయం సగం పోతుంది. మొదట్లో కరెంటు జోలికే పోనివ్వరు. ఆకురాయితో ఇనుప ముక్కని చదును చేయించడం, రంపంతో కోయించడం, కొలతలు తీయించడం. ఆ తరవాత తీగలు కలపడం. తీగలు కలపడంలో ఎన్ని రకాలున్నాయో చూడండి: టీ జాయింటు, బ్రిటానియా జాయింటు, వెస్టర్న్ యూనియన్ జాయింటు. ఇంకోటుంది, మ్యారీడ్ జాయింటు! రెండు తీగల కొసల్లో పోగులు విప్పి, ఒకదానిలోకి ఒకటి దూర్చి, అటువి ఇటూ ఇటువి అటూ మెలేసి బిగిస్తారు. ఎవరు పెట్టారో గానీ పేరు బాగా పెట్టారు. (రెండువైపులా సమానంగా బిగిస్తేనే ఆ జాయింటు గట్టిగా ఉంటుందట!) జడ అల్లిన చేతులకి ఈ పని కొత్తేం కాదు.

ఆ తరవాత ఇంటి వైరింగు. మెట్ల కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, మధ్యలో ఒకటే బల్బు. ఎక్కడ నొక్కినా వెలగాలి, ఎక్కడ నొక్కినా ఆరాలి. గోడౌనుకి ఒక పద్ధతి, సొరంగానికి ఇంకో పద్ధతి. రెండో ఏడాదికి మోటార్లు, వైండింగు వస్తాయి.

ఇదంతా కాగితం మీద. అసలు చిక్కు వర్కుషాపులో ఉంది. అయిదారుగురు పిల్లలకి ఒక మీటరు, ఒక టెస్టరు ఇస్తారు. గుంపులో ఒకరిద్దరు ఆడపిల్లలుంటే టెస్టరు అబ్బాయి చేతిలోకీ, రికార్డు పుస్తకం అమ్మాయి చేతిలోకీ దానంతటదే వెళ్లిపోతుంది. "నీ దస్తూరీ బావుంటుంది, నువ్వు రాయి" అంటారు. మెచ్చుకోలే కదా అని ఆ పిల్ల రాస్తూ కూర్చుంటుంది. మా వీధిలో ఒకమ్మాయి ఇలాగే రెండేళ్లూ చక్కగా రాసి, ఫస్టు క్లాసులో పాసై, ఇంట్లో ఫ్యాను ఆగిపోతే పక్కింటి అబ్బాయిని పిలిచింది. వాళ్లమ్మ నవ్వుతూ చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు. సర్టిఫికెట్టు ఆ పిల్లది, పని మాత్రం ఇంకెవరో నేర్చుకున్నారు.

ఎలక్ట్రానిక్స్ అయితే సుఖం అనుకుంటాం కదా, అక్కడా ఇదే తంతు. శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే ఫ్యాక్టరీకి మన ఆడపిల్లలు వేలమంది వెళ్లారు. నెల తిరిగేసరికి చేతికి జీతం వస్తుంది, ఇంటికి ఆసరా అవుతుంది, ఆ మాట కాదనను. కానీ లైన్లో కూర్చుని ఒకే చోట ఒకే మర బిగించే పనికి ఎలక్ట్రానిక్స్ చదివి ఉండక్కరలేదు. ఆ లైను ఆగిపోతే ఎక్కడ తప్పుందో వెతికి పట్టుకునేవాళ్ల పని వేరు, జీతం వేరు. సర్క్యూటు చదవడం, మీటరు పట్టుకుని లోపం వెతకడం నేర్చిన పిల్లే ఆ రెండో కుర్చీ దాకా వెళ్లగలదు.

"ఎక్కే పని మనవల్ల కాదు" అనేవాళ్లకి ఒక సంగతి. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకి ప్రకటన ఇస్తూ, ఆడవాళ్లు దరఖాస్తు చేసుకోవడానికి వీల్లేదంది. ఐటీఐ చదివిన ఆడపిల్లలు కొందరు హైకోర్టు మెట్లెక్కారు. కోర్టు వాళ్లవైపు చెప్పింది. రాతపరీక్ష రాశారు, 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్షా పెట్టారు. సిద్దిపేట జిల్లా అమ్మాయి బబ్బూరి శిరీష 2021లో ఉద్యోగంలో చేరి, తెలంగాణలో మొదటి లైన్‌ఉమన్ అయింది. అంతకు ముప్పై ఏళ్ల కిందటే మహారాష్ట్రలో సాతారా జిల్లాకి చెందిన సురేఖా యాదవ్, కరాడ్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, రైలింజను డ్రైవరయింది. 2023లో వందేభారత్‌ని కూడా నడిపి, 2025లో రిటైరయింది. చదివింది అదే డిప్లొమా!

సరే, స్తంభమూ వద్దు, రైలూ వద్దు. మన ఇళ్ల సంగతే చూద్దాం. మధ్యాహ్నం పూట ఇంట్లో ఒక్కరే ఉంటారు, మోటారు కాలిపోతుంది. తెలియని మనిషిని లోపలికి రానివ్వాలా వద్దా అని ఆలోచిస్తూ సాయంత్రం దాకా నీళ్లు లేకుండా కూర్చున్న ఇల్లాళ్లు ఎంతమంది లేరు! పని తెలిసిన ఆడమనిషి ఆ వీధిలో ఉంటే ఫోను ఎవరికి చేస్తాం? ఫ్యాను నిదానంగా తిరుగుతుంటే చాలాసార్లు కెపాసిటరు మార్చితే సరిపోతుంది. చిన్న పని, కాసేపట్లో అయిపోతుంది. గీజరుకి సన్నవైరు వేసిపోయే మేస్త్రీలున్నారు. ఆ తీగ వేడెక్కి గోడలోపలే మాడుతుంది. బోర్డులో ఉండే ఎం.సి.బి. కాపాడేది తీగని. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకుండా, 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పినా అది టక్కున పడిపోతుంది. ఈ తేడా ఇల్లు కట్టించుకున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? మిగతా రెండూ తగిలేలోపే అది తగలాలని. కొందరు ఆ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో పెట్టేస్తారు. ఇస్త్రీపెట్టె షాకు కొట్టిందంటే కొట్టదా మరి!

సొంతంగా పని పెట్టుకోవాలంటే సర్టిఫికెట్టుతో ఆగకూడదు. ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ సంగతి కనుక్కోవాలి. కోర్సు కాగానే అప్రెంటిస్‌గా చేరితే స్టయిపెండు వస్తుంది, చెయ్యి తిరుగుతుంది. పెళ్లిచూపుల వాళ్లు వస్తారని ఆ ఏడాదిని వదులుకోవద్దు.

పిల్లని చేర్పించేముందు ఒకసారి మీరూ వెంట వెళ్లండి. ఆఫీసు గదిలో ఫీజు కనుక్కుని వచ్చేయకండి, వర్కుషాపు చూపించమనండి. బల్లల మీద దుమ్ముందా, తీగ ముక్కలున్నాయా చూడండి. ఎంతమంది పిల్లలకి ఒక మీటరు అని అడగండి. ఆడపిల్లలకి మరుగుదొడ్డి ఉందా, దానికి గడియ పడుతుందా, నీళ్లొస్తాయా అని మొహమాటపడకుండా అడగండి. ప్రాక్టికల్సు అయ్యేసరికి ఊరికి ఆఖరి బస్సు ఉంటుందో లేదో చూసుకోండి. వర్కుషాపులో చున్నీ వేలాడకూడదు, జుట్టు ముడి వేసుకోవాలి, లోహపు గాజులు తీసెయ్యాలి, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవాలి. "శుభమా అని చదువుకి వెళ్తూ బోసి చేతులేమిటే?" అని నాయనమ్మగారు అంటే, ఆవిడకి నచ్చచెప్పే పని మీది. మొదటి నెలలో పిల్ల ఇంటికి రాగానే "ఇవాళ ఏం రాశావు?" అని కాదు, "ఇవాళ టెస్టరు ఎవరు పట్టుకున్నారే?" అని అడగండి.