తల్లిని చూడక కుక్కపిల్లను కొనరాదు

పశువుల కొట్టమునకును గొఱ్ఱెల దొడ్డికిని కావలిగా నుండుటకు మంచి జాతికుక్కను తెచ్చుకొనవలెనని తలచి, ఎచ్చట కొనవలెనో, ఎంత యీయవలెనో తెలుపుడని సంఘ సభ్యులు కొందఱు మమ్మడుగుచున్నారు. ఎంత యీయవలెనను ప్రశ్న తరువాతిది. ఎద్దును కొనునపుడు మనము పండ్లు చూతుము, సుడులు చూతుము, నడిపింతుము, కాడి వేసి నాలుగు చాళ్లు దున్నింతుము. అమ్మువాడెవడో, ఏ యూరివాడో విచారింతుము. ఇంత జరిగిన పిదప గాని బయానా చేతబెట్టము. అట్టి జాగరూకుడగు రైతే పట్టణమున బాటప్రక్క గంపలో మూలుగుచున్న కుక్కపిల్లను చూచి ముచ్చటపడి, తల్లి యెవరిదో కూడ నడుగక, సంచిలో వేసికొని వచ్చుచున్నాడు. ఎద్దు నచ్చనిచో మఱుసటి సంతలో అమ్మివేయవచ్చును. కుక్క యట్లు కాదు. అది పది పండ్రెండేండ్లు మన వాకిట, మన పిల్లల నడుమ తిరుగవలసిన ప్రాణి.

మా యనుభవమును మొదట చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట మేము తోటకావలికై రాజపాళయపు కుక్కను కొనదలచితిమి. రాజపాళయము తమిళనాటి విరుదునగరము జిల్లాలోని పట్టణము. పూర్వము ఆంధ్రదేశమునుండి వలసపోయిన రాజులు స్థిరపడిన చోటగుటచే నిప్పటికిని అచ్చట తెలుగు మాటాడు కుటుంబములు గలవు. 1949లో మద్రాసు ప్రభుత్వమునకు నాయకులైన కుమారస్వామిరాజాగారు ఆ యూరివారే. ఆ యూరిపేర ప్రసిద్ధమైన కుక్క పాలవలె తెల్లనిది. పొడవైన కాళ్లు, గులాబిరంగు ముక్కు గలది. ఇల్లును పొలమును కాచుటలో పేరు మోసినది. 2005లో తపాలాశాఖవారు మన దేశపు కుక్కజాతులు నాలుగింటికి బిళ్లలు వేసినపుడు వానిలో నిదియు నొకటి.

పరిచయస్థు డొకడు చెప్పగా ఆ జాతి పిల్లల నమ్మువాని యొద్దకు పోయితిమి. తిరుగు రైలు వేళ దగ్గఱపడినదను తొందర మాది. అతడు మూడు పిల్లలను చూపెను. రెండు మా కాళ్లపై పడి గంతులు వేయుచుండెను. మూడవది ఆ సందడిలోనే మూలనొదిగి హాయిగా నిద్రించుచుండెను. "ఇది మిక్కిలి సాధువు, చిన్నపిల్లలున్న యింటికి తగును" అని యతడు చెప్పగా మేము నమ్మితిమి. తల్లిని చూపుమనగా తోటలో నున్నదనెను. మేమును పట్టుపట్టలేదు. సొమ్మిచ్చి పిల్లను తెచ్చుకొంటిమి.

రెండు నెలలు గడచిన పిదప కల్లములో ట్రాక్టరు వెనుకకు వచ్చుచుండగా, దాని చక్రము చేరువకు వచ్చువఱకు ఆ కుక్క కదలలేదు. మా పాలేరు కాలు పట్టి యీడ్చి దానిని కాపాడెను. పశువైద్యుడు దాని వెనుక నిలిచి పళ్లెము మ్రోగించి చూచి, రెండు చెవులును వినబడవని తేల్చెను. కావలికని కొన్న కుక్క చెవిటిదయ్యెను. అదియైనను సహింపదగినదే. ఒకనాడు నిద్రలో నున్నదానిని మా యింటి బాలుడు వెన్ను నిమిరినపుడు, అడుగుల చప్పుడు వినలేని యాజంతువు ఉలికిపడి వాని చేయి కఱచెను. గాయమును సబ్బుతో కడిగి, ఆసుపత్రికి కొనిపోయి సూదిమందు లన్నియు వేయించితిమి. బాలుడు కుదుటపడెను, కుక్కను మాత్రము నాటినుండి ఒంటరిగా నుంచవలసివచ్చెను. అది తప్పు చేసినదని మేము చెప్పజాలము.

తెల్లని కుక్కలలో పుట్టుచెవుడు ఇతర వర్ణములవానికంటె హెచ్చుగా నుండును. దేహమునకు రంగునిచ్చు కణములే లోపలిచెవియందును ఉండి వినికిడికి తోడ్పడుచుండును. కేవలము తెల్లదనమునకై యేర్చి యేర్చి జతకట్టించినచో ఆ కణములు చెవిలో లోపించును; పుట్టిన కొద్ది వారములలోనే వినికిడి నశించును. దగ్గఱ రక్తసంబంధము గల కుక్కలను మరల మరల కలిపినపు డీదోషము మఱింత ముదురును. కుక్కపిల్లల చెవులు పుట్టిన రెండు వారములకు గాని తెఱచుకొనవు. కావున ఆఱవ వారము దాటిన పిదప పరీక్షించుట మేలు. పిల్లలన్నియు నిద్రించుచుండగా వానికి కనబడని చోటనుండి పళ్లెమును మ్రోగింపవలెను. మన యడుగుల యదురు నేలగుండ వానికి తగులరాదు. కదలని పిల్లను మరల రెండు మూడుసార్లు పరీక్షింపవలెను. ఒక చెవి మాత్రమే చెవుడైన పిల్ల యీపరీక్షకు దొరకదు. మెదడు స్పందనను యంత్రముతో కొలుచు పరీక్షయే దానికి ప్రమాణము. ఈ సంగతి యెఱిగిన పెంపకందారు అడుగకముందే చెప్పును. మేము పోయినవాడు చెప్పలేదు, మేమడుగను లేదు.

కావున తొలిసారి కొనువారు పిల్లను వెదకుటకు ముందు పెంపకందారుని వెదకవలెను. వెదకి యతని యొద్దకు పోవు తీరు నొకటి కలదు. అనేకులు టెలిఫోను తీయగానే "ధర యెంత?" అని యడుగుదురు. జంతువుపై ప్రేమగల పెంపకందారున కా ప్రశ్న రుచింపదు. మొదట మన స్థితిగతులు మనమే చెప్పుకొనవలెను: మన యూరేది, ఇల్లు ఊరిలోనా పొలములోనా, చుట్టు ప్రహరీ కలదా, పగలు ఇంట నెవరుందురు, పసిపిల్లలు గలరా, వేఱు కుక్కలు, కోళ్లు, గొఱ్ఱెలు గలవా, కుక్కకు కూడు పెట్టు భారమెవరిది, దేనికొఱకు కావలెను. ఇదివఱ కెన్నడును కుక్కను పెంచలేదన్నచో ఆ మాట దాచనక్కఱలేదు. మంచి పెంపకందారు తొలిసారి కొనువానికి నేర్పుట బరువుగా తలపడు.

పిమ్మట అతడే ప్రశ్నలు మొదలుపెట్టును. ఇచ్చట మన రైతులు కొందఱు నొచ్చుకొనుచున్నారు. "సొమ్మిచ్చువారము మేమైయుండగా మమ్ము పరీక్షించుటకు వీడెవడు?" అని మా సభ్యు డొకడు కోపగించి మరలివచ్చెను. పిల్లనిచ్చువారు సంబంధము విచారింపరా? పొలమున నొంటరిగా గొలుసుతో కట్టివేయుదురా యని యడుగువాడు, మీరు ఊరికి పోయినపుడు దీని నెవరు చూతురని యడుగువాడు, తన యింట పుట్టినదానిపై మమత గలవాడు. ఏమియు నడుగక యెవరికైనను ఎన్ని పిల్లలనైనను ఇచ్చువానిని జూచియే మనము జంకవలెను. ఐదాఱు జాతుల పిల్లలు నెల్లకాలము సిద్ధముగా నున్నవని చెప్పువాడు సాధారణముగా పెంపకందారు కాడు, వర్తకుడు. బొమ్మలు పంపి ముందుగా సొమ్ము పంపుమను వానికి దమ్మిడీ కూడ పంపరాదు.

నిజమైన పెంపకందారు తఱచుగా "ఇప్పుడు లేవు, వేచియుండుడు" అనును. దీనికి కారణము లెక్క వేసి చూచిన తెలియును. ఆడకుక్క సుమారు ఆఱు మొదలు ఎనిమిది నెలల కొకసారి ఎదకు వచ్చును. చూలు సుమారు 63 దినములు. పుట్టిన పిల్ల ఎనిమిది వారములు తల్లియొద్ద నుండవలెను. నేడే జతకట్టించినను నాలుగు నెలలకు గాని పిల్ల మన చేతికి రాదు. ఈ యెనిమిది వారముల నియమము అతని యిష్టానిష్టములతో పనిలేనిది. కుక్కల పెంపకము, అమ్మకములను గూర్చి 2017లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ననుసరించి ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి యొద్ద నమోదు చేసికొనవలెను. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను ఈనింపరాదు. ఒక కుక్కచే దాని జీవితమున ఐదు ఈతలకు మించి ఈనింపరాదు. ఐదవ వారముననే తీసికొనిపొమ్మనువాడు పాలఖర్చు తప్పించుకొనుచున్నాడని తెలిసికొనవలెను. తోబుట్టువులతో నాడుకొనుచు, కఱచిన నొప్పి యెంతయో, ఎంత గట్టిగా పట్టవచ్చునో పిల్ల నేర్చుకొనునది ఆ చివరి వారములలోనే.

చూడబోవునపుడు ఒకే దినమున రెండుమూడు చోట్లకు పోకుడు. పార్వో యను రక్తవిరేచనముల వ్యాధి చెప్పులకంటుకొని యొక యింటినుండి మఱియొక యింటికి పోవును. 1978లో ప్రపంచమునకు తెలియవచ్చిన యీవ్యాధి టీకా లేని పిల్లలను రెండుమూడు దినములలో పొట్టనబెట్టుకొనుచున్నది. దాని బీజము మట్టిలో నెలల తరబడి చావదు. ఇదివఱకు మీ వాకిట నొక పిల్ల యీవ్యాధితో చచ్చియుండినచో, ఆ మాట పెంపకందారునకు చెప్పి, టీకాలన్నియు పూర్తియగువఱకు క్రొత్త పిల్లను తేకుండుట ధర్మము. సాధారణపు ఫినాయిలును నమ్ముకొనరాదు. ముప్పది పాళ్ల నీటికి ఒక పాలు బ్లీచింగు ద్రావకము కలిపి గచ్చును కడుగుట మేలు.

అచ్చట ముఖ్యముగా చూడవలసినది తల్లిని. పాలిచ్చినది గనుక చిక్కియుండుట సహజము. దానికి వంక పెట్టరాదు. యజమాని యనుమతితో మనము చేరువకు పోయినపుడు అది యెట్లు మెలగునో గమనింపవలెను. కొంతసేపు మొఱిగి పిదప వాసన చూచి ఊరకుండునది మంచిది. మూలకు నక్కి వణకునదియు, అదుపులేక మీదికి దుముకునదియు మంచివి కావు. పిల్లల గుణము చాలవఱకు తల్లిని బోలును. తండ్రి వేఱొకరిదై యుండవచ్చును గాన చూపలేకపోవుట దోషము కాదు. తల్లిని చూపకుండుటకు మాత్రము సరియైన కారణము మిక్కిలి యరుదు. అవి పడుకొను చోటు, నీటి పాత్ర, పిల్లల కండ్లు, పొట్ట, తోకక్రింది శుభ్రతయు చూడవలెను. నులిపురుగుల మందు ఏయే తేదులలో పోసిరో, మొదటి టీకా ఎన్నడు వేసిరో వ్రాసిన కార్డు నడిగి తీసికొనవలెను.

కాగితములను గూర్చి యొకమాట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియావారి ధ్రువపత్రము తల్లిదండ్రుల వంశమును చెప్పును. పిల్ల ఆరోగ్యముగా నున్నదని గాని, చెవులు వినబడుచున్నవని గాని అది చెప్పదు. దానికంటె రైతుకు పనికివచ్చునది, వారము దినములలోగా మన పశువైద్యుడు పుట్టుకదోషము కనిపెట్టినచో పిల్లను మరల తీసికొందునని అమ్మువాడు వ్రాసియిచ్చు రసీదు. అట్లు వ్రాయుటకు వెనుకాడువానియొద్ద బేరము చాలించుకొనవచ్చును.

ఇంటికి తెచ్చిన పిదప కొన్నినాళ్లు అక్కడి తిండినే పెట్టవలెను. పార్వో మొదలగు వానికి టీకా పదునాఱవ వారము వఱకు మూడు నాలుగు వారముల కొకసారి మరల వేయింపవలెను. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పదు. 1885లో పాశ్చరు పిచ్చికుక్క కఱచిన బాలునకు మొదట మందు వేసిన జూలై 6వ తేదిని పురస్కరించుకొని మన పశువైద్యశాలలలో ఉచితముగా ఈ టీకా వేయుచుందురు.

జాతికుక్కయే కావలెనా యని కూడ సభ్యులు తమలో తాము తర్కించుకొనవలెను. రాత్రి మొఱిగి లేపుటయే పనియైనచో, మనకు తెలిసిన తల్లికి పుట్టిన ఊరకుక్క పిల్ల చాలును. టీకాలు వేయించి కడుపునిండ పెట్టినచో దానికి మించిన కావలి లేదు. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచిన జోనంగి యను మన తెలుగునేల కుక్క, చెఱువులు చేపలకు మారి బాతుల మందలు తగ్గిన పిదప తానును తగ్గిపోవుచున్నది. దానిని శ్రద్ధతో పెంచువారు దొరకినచో దూరదేశపు కుక్కకంటె అదియే మా కిష్టము. అడవిపందులపై ఉసికొల్పుటకు వేటకుక్క కావలెనని వ్రాసిన సభ్యులకు మాత్రము మేము సాయపడజాలము. అనుమతిలేని వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున నేరము.

మా చెవిటి కుక్క తొమ్మిదేండ్లు బ్రదికి పోయినది. దాని పిదప మేము వేఱొక పెంపకందారునకు వ్రాసితిమి. అతడు మమ్మడిగిన ప్రశ్నలకు ప్రత్యుత్తరము రెండు పుటలయ్యెను. కఱచిన కథ దాచక వ్రాసితిమి. ఐదు నెలలు వేచియుండుడనెను, ఉంటిమి. ఏడవ వారమున రమ్మని పిలిచి, తల్లిని చూపి, నిద్రించుచున్న పిల్లల వెనుక మా యెదుటనే పళ్లెము మ్రోగించెను. ఐదింటిలో నాలుగు తల లెత్తినవి. ఐదవదానిని ఎవరికి నమ్మననియు, తన యొద్దనే యుంచుకొందుననియు చెప్పెను. మేము కోరిన పిల్లను ఎనిమిది వారములు నిండిన మఱునాడు ఇచ్చెను. ఇప్పటికిని నెలకొకసారి దాని క్షేమ మడుగుచు వార్త పంపుచున్నాడు.