పిల్లల దంతవైద్యంలో మత్తు సూది

పిప్పిపన్ను తీయడం, పన్ను లోపలి నాడికి చికిత్స చేయడం వంటి పనులకు ముందు నోటిలో ఆ భాగం మాత్రమే మొద్దుబారేలా ఇచ్చే ఇంజెక్షన్‌ను మత్తు సూది అంటారు. చికిత్సలోని నొప్పిని నివారించేది ఇదే అయినా, పిల్లలు ఎక్కువగా భయపడేది కూడా దీనికే. చిన్ననాటి ఈ భయం వల్ల పెద్దయ్యాక కూడా పన్ను పూర్తిగా పాడయ్యేవరకు వైద్యుని వద్దకు వెళ్ళనివారు ఉన్నారు.

భయం

వరంగల్ ప్రాంతంలో ఇంజెక్షన్‌ను సూది అనే అంటారు. అల్లరి చేసే పిల్లలను "సూది ఇప్పిస్త" అని బెదిరించడం ఇళ్ళలో వినిపించే మాటే. శిక్షగా విన్న వస్తువు ఆసుపత్రిలో ఎదురైతే పిల్లవాడు నోరు తెరవకపోవడంలో ఆశ్చర్యం లేదు. "అసలు నొప్పే ఉండదు" అనడం కూడా అంతే చేటు. మొదటి పోటుతోనే ఆ మాటపై నమ్మకం పోతుంది. చీమ కుట్టినట్లు ఉంటుందని, తరువాత పెదవి లావెక్కినట్లు అనిపిస్తుందని ముందే చెప్పడం మేలు. చెప్పడం, చూపడం, ఆ తరువాతే చేయడం అనే పద్ధతిని 1959లో ఆడెల్‌స్టన్ ప్రతిపాదించాడు. పిల్లల దంతవైద్యంలో ఇది నేటికీ మొదటి పాఠం.

నొప్పికి కారణాలు

సూది మొన కంటే మందు వల్ల కలిగే నొప్పే తరచుగా ఎక్కువ. మందును వేగంగా నెట్టితే కణజాలం సాగి సలుపుతుంది. అందువల్ల ఒక మిల్లీలీటరుకు కనీసం ఒక నిమిషం చొప్పున నెమ్మదిగా ఎక్కించాలి. అంగిలిలో చర్మపు పొర ఎముకను గట్టిగా అంటుకొని ఉండటం వల్ల అక్కడ బాధ మరీ ఎక్కువ. అడ్రినలిన్ కలిపిన మందుకు ఆమ్లగుణం ఉండి మంట పుట్టిస్తుంది. సూది గుచ్చే చోట చిగురును తుడిచి, పైపూత మత్తు జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగితే పోటు తెలియదు. కాని జెల్ ప్రభావం రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకే. బుగ్గను వేలితో కదిలిస్తూ గుచ్చడం, బిడ్డ దృష్టిని కథ వైపో పాట వైపో మళ్ళించడం కూడా ఉపకరిస్తాయి. మరీ బెదిరే పిల్లలకు శిక్షణ పొందిన వైద్యులు నైట్రస్ ఆక్సైడ్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి పీల్పిస్తారు.

మందు, మోతాదు

1884లో కార్ల్ కోలర్ కంటి శస్త్రచికిత్సకు కొకైన్ వాడటంతో ఈ విద్య మొదలైంది. 1943లో స్వీడన్‌కు చెందిన నిల్స్ లోఫ్‌గ్రెన్ లిడోకైన్ తయారుచేశాడు. పిల్లలకు దీని గరిష్ఠ మోతాదు కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు. 15 కిలోల బిడ్డకు ఇది 66 మిల్లీగ్రాములు, అనగా 2 శాతం ద్రావణం 3.3 మిల్లీలీటర్లే. కనుక బిడ్డను తూచకుండా మందు ఎక్కించరాదు.

శిక్షణ

తెలంగాణలోని దంతవైద్య కళాశాలలకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అనుబంధ సంస్థ. రాష్ట్ర విభజనకు ముందు ఈ బాధ్యత విజయవాడలోని విశ్వవిద్యాలయానిది. మూడేళ్ళ ఎం.డి.ఎస్. చదువులో పిల్లల దంతవైద్యం ఒక ప్రత్యేక శాఖ.

ఇంటికి వెళ్ళాక

పెదవి మొద్దుబారి రెండు మూడు గంటలు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఆ సమయంలో పిల్లలు తెలియక పెదవిని, బుగ్గను నమిలి గాయం చేసుకుంటారు. మరునాడు అది తెల్లగా మారితే చీము పట్టిందని తల్లిదండ్రులు కంగారు పడతారు. సాధారణంగా అది మానుతున్న పుండే. స్పర్శ తిరిగి వచ్చేవరకు నమిలే ఆహారం, వేడి పదార్థాలు ఇవ్వరాదు. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపించాలి.