రాగి మొలకల రసమును రెండు నీళ్లతో తీయు విధము

సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మన అనంతపురపు మెట్టసీమలో, వేరుసెనగ తప్పిన యేట సయితము రాగులు కొంతవఱకు చేతికందుచుండును. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాగా వేఱుపడిన మడకశిర, హిందూపురము ప్రాంతములవారికి రాగిసంగటి నిత్యాహారము. ఇంతటి యక్కఱగల ధాన్యమును మొలకెత్తించి పిల్లలకును రోగులకును రసము తీయునపుడు, తీపిలో ఆఱవ వంతు పిప్పితోబాటు పారవేయుట మేము పలు గ్రామములలో చూచుచున్నాము. కఱవునాట ఇది చిన్న నష్టము కాదు. దీనిని తప్పించుటకు కొత్త పనిముట్టు అక్కఱలేదు. ఒక్కసారి పోయు నీటిని రెండుసారులుగా పోసిన చాలును.

మొలక సంగతి ముందు చెప్పవలయును. రాగులను రాళ్లు, మట్టి లేకుండ కడిగి, పండ్రెండు గంటలు నానవేసి, నడుమ నొకసారి నీరు మార్చి, తడిగుడ్డలో వదులుగా మూటగట్టి నీడయందుంచవలయును. ఉదయము, సాయంకాలము నీరు చిలుకరించుచుండిన రెండు దినములకు చక్కని తెల్లని మొలక వచ్చును. బూజు పట్టినను, ముక్కువాసన కొట్టినను ఆ మూటను మొత్తముగా పారవేయవలసినదే. బూజు విషము ఉడికించినంతమాత్రమున పోదు. బాగున్న మొలకలను ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి, చేతులతో నలిపి వేళ్లను రాల్చి చెఱిగివేయవలయును. వేళ్లు మిగిలిన రసము చేదగును.

ఇచ్చట మన గృహిణులకు ఒక మాట. సువాసన కొఱకు మొలకలను ఎఱ్ఱగా వేయించుట వాడుకలో నున్నది. జావకు అది రుచియే. కాని మొలకలో పుట్టిన పాచక పదార్థము, అనగా పిండిని చక్కెరగా మార్చు శక్తి, గట్టి వేడికి నశించును. రసము తీయవలెననిన వేయింపక, ఎండిన మొలకను రవ్వవలె విసరవలయును. మెత్తని పిండియైన గుడ్డకు అడ్డుపడి రసము దిగదు. ఐరోపావారు బీరునకు వాడు యవలకు పొట్టు ఉండుటచే ఆ పొట్టే వడపోత చాపవలె పనిచేయును. మన రాగికి అట్టి పొట్టు లేదు. అందుచే బాగుగా కడిగి మరగబెట్టిన వరిపొట్టు రెండు గుప్పిళ్లు రవ్వలో కలిపినచో రసము సులభముగా జాఱును.

ఇక వేడిమి. పాచక పదార్థము 65 మొదలు 70 సెంటీగ్రేడు డిగ్రీల నడుమ చక్కగా పనిచేయును. వేడిమాపకము లేనివారు మరగునీళ్లు రెండు పాళ్లు, కుండలోని చన్నీళ్లు ఒక పాలు కలిపిన సుమారు 75 డిగ్రీలగును. వేడినీటితో తొలిచి వెచ్చజేసిన పాత్రలో ఈ నీరు మూడున్నర లీటర్లు పోసి, ఒక కిలో రవ్వను ఉండలు కట్టకుండ కొంచెము కొంచెముగా చల్లి కలుపవలయును. రవ్వ, పాత్ర కొంత వేడి పీల్చుకొనగా కావలసిన వేడిమియే నిలుచును. మూతవేసి కంబళి చుట్టి ఒక గంట కదలింపకుండుడు. మొదట జిగురుగానున్నది గంటలో పలుచబడి తియ్యనగును.

పిమ్మట పలుచని గుడ్డపై వడియగట్టవలయును. ముందు దిగు మడ్డిరసమును మరల రవ్వమీదనే మెల్లగా పోసిన తేటపడును. పిండరాదు. పిండిన గుజ్జు దిగి రసము అడుగంటును. రసమంతయు దిగినపిదప, మునుపటివలెనే కలిపిన వేడినీళ్లు రెండున్నర లీటర్లు పిప్పిపై పోసి, అడుగునుండి బాగుగా కలియబెట్టి, పావుగంట నిలిపి, మరల వడియగట్టి రెండు రసములను చేర్చవలయును. మరగునీటినే పోయకుడు. పొట్టులోని వగరు దిగును, మిగిలిన పిండియు ఉడికి గంజియగును.

రెండుసారులెందుకని రైతులు మమ్ములను అడుగుచుందురు. లెక్క యిది. ఒక కిలో రవ్వ ఇంచుమించు ఒక లీటరు రసమును పట్టుకొని విడువదు. ఆఱు లీటర్లు ఒక్కసారిగా పోసిన ఐదు దిగును, ఆఱవది పిప్పిలోనే నిలుచును. అనగా తీపిలో నూటికి 17 పాళ్లు పోయెను. మూడున్నర ముందు, రెండున్నర పిమ్మట పోసినను నీరు ఆఱు లీటర్లే, దిగు రసమును ఐదు లీటర్లే. కాని మొదటిసారి ఏడింట రెండు వంతులు పిప్పిలో నిలుచును. రెండవసారి ఆ నిలిచినదానిలో మరల ఏడింట రెండు వంతులే నిలుచును. వెరసి 49 పాళ్లకు 4 పాళ్లు, నూటికి 8 మాత్రమే నష్టము. అంతే నీటిని మూడుగా పంచిన నష్టము నూటికి 5కు దిగునుగాని, ఆ కొంచెమునకై వంటచెఱకును ప్రొద్దును వెచ్చించుట మాకు సమ్మతము కాదు. చాకలి సబ్బుగుడ్డను ఒక తొట్టినీటిలో ముంచుటకంటె రెండు సగపు తొట్లలో జాడించుట మేలని ఎఱుగును. చౌడుభూమికి నీరు ఒక్కపెట్టున నిలగట్టుటకంటె కట్టి వదలి మరల కట్టుట వలన తక్కువ నీటితో ఉప్పు దిగుటయు ఇట్టిదే.

పై నుండి సన్నని ధారగా నీరు పోయుచు తీయు పద్ధతియు కలదు. కాని నీరు ఒక పక్క దారి చేసికొని పోవును, తక్కిన పిప్పి తడియదు. కలియబెట్టి తీయు పద్ధతిలో ఆ చిక్కు లేదు.

రసమును వెంటనే పొంగువచ్చునట్లు మరగించి, ఆనాడే త్రాగవలయును. వేసవిలో రాత్రికే పులియును. దానిని పులియబెట్టి మద్యము చేయుట, అనుమతి లేనివారికి, 1968 ఎక్సైజు చట్టము ప్రకారము నేరము.

ఆఱునెలలు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప మఱేమియు వలదు. నిండినవానికి ఈ రసముకంటె పిండితో కాచిన జావయే మేలు. ఏలయనగా, నూఱు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములుండు రాగిసున్నములో చాలభాగము పిప్పిలోనే నిలుచును. మామూలు జావ దించి గోరువెచ్చన కానిచ్చి, వేయింపని మొలకపిండి ఒక చెంచా కలిపిన అది పలుచనగును. పలుచనైనపిదప మరల ఒక పొంగు రానిచ్చి పెట్టవలయును. ఇట్లు అదే గిన్నెలో ఎక్కువ ధాన్యము చిన్న కడుపునకు చేరును. 1950లో మైసూరున ప్రారంభమైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు మొలకరాగితో శిశ్వాహారములు రూపొందించినది ఈ గుణమును బట్టియే.

పిప్పిని ఆనాడే పాడిపశువునకు తవుడుతో కలిపి పెట్టుడు. వరిపొట్టు కలుపనిదైనచో రొట్టెపిండిలో పిసికినను వ్యర్థము కాదు.